ఒకే పేరు, ఒకే పుట్టిన యేడు: మన తెలుగు పెద్దల్లో ఎవరున్నారు?

నరసన్నపేట టీచర్
మా ఎనిమిదో తరగతిలో ఈ యేడు "సాయీ" అంటే నలుగురు లేస్తున్నారు. నలుగురూ ఒకే యేడాది పుట్టినవాళ్లు. హాజరు ఇంటిపేరుతో వేస్తున్నాను, అయినా ఒక్కోసారి ఇద్దరు పలుకుతారు. మొన్న వాళ్లలో ఒకడు లేచి "టీచర్, పేరున్న పెద్దోళ్లలో కూడా ఇలా ఒకే పేరూ ఒకే యేడూ ఉన్నోళ్లు ఉంటారా?" అని అడిగాడు. నాకు ఠక్కున తట్టింది ముగ్గురు ఖాన్లే. ఆమిర్, సల్మాన్, షారుఖ్ ముగ్గురూ 1965లో పుట్టారని చెప్పాను. క్లాసంతా చప్పట్లు. వాడు మాత్రం ఒప్పుకోలేదు. "ఖాన్ అన్నది ఇంటిపేరు కదా టీచర్, పేరు కాదు కదా" అన్నాడు. వాడన్నదే నిజం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలతో గోడపత్రిక పెట్టిస్తున్నాను. అందులో ఒక పేజీ ఈ ప్రశ్నకే వదిలేశాను. ముందు తెలుగువాళ్లు కావాలి. తేదీ గట్టిగా తెలిస్తేనే చెప్పండి. పిల్లలు రంగు పెన్సిళ్లతో రాసి గోడకి అంటించేది, తప్పు పడితే యేడాదంతా అక్కడే ఉంటుంది.

సాలూరు లారీ
ఘంటసాల, గుమ్మడి. ఇద్దరూ వెంకటేశ్వరరావులే. ఇద్దరిదీ 1922. మీ పేజీ అయిపోయింది టీచరుగారూ.

పెద్దచెరువు గట్టు
అవలేదు. ఘంటసాల 1922 డిసెంబరు 4. గుమ్మడి 1927 జులై 9. మధ్యలో అయిదేళ్లున్నాయి. ఘంటసాల మా విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాయన. ఆయన తేదీ ఇక్కడ ఎవర్ని నిద్ర లేపి అడిగినా చెప్తారు.

సాలూరు లారీ
సరే మాస్టారూ, వెనక్కి తీసుకున్నాను. కానీ మా సాలూరి రాజేశ్వరరావుగారిదీ 1922యే, అక్టోబరు 11. ఊరు శివరామపురం. ఇద్దరూ రావులూ, ఇద్దరూ పాటే.

రాజాం రోడ్డు
రావు పేరా? రావు అంటే మా అపార్టుమెంటులో పదకొండు మంది వస్తారు.

ఆముదాలవలస జంక్షన్
రామ్మూర్తులు ఇద్దరున్నారు మనకి. గిడుగు రామ్మూర్తి, కోడి రామ్మూర్తి. ఒకాయనది భాష, ఇంకొకాయనది కండ. ఇద్దరూ సిక్కోలు జిల్లావాళ్లే. ఆగస్టు 29 అంటే గిడుగు పుట్టినరోజే కదా, ఆయన పేరుతోనే మొదలెట్టండి.

పెద్దచెరువు గట్టు
గిడుగు 1863, ముఖలింగం దగ్గర పర్వతాలపేట. కోడి రామ్మూర్తి 1882, వీరఘట్టం. పేరు కుదిరింది గానీ మధ్యలో ఒక తరం నడిచిపోయింది.

నరసన్నపేట టీచర్
ముందు "పేరు" అంటే ఏది అన్నది తేల్చుకుందాం. ఇంగ్లీషువాళ్లకి మొదటి పేరు అంటే సరిపోతుంది. మనకి మొదట వచ్చేది ఇంటిపేరు. మా సాయి అడిగిన లెక్క ప్రకారం ఇంటిపేరు కుదరదు. మరి చివరి రావు, శాస్త్రి, నాయుడు?

పెద్దచెరువు గట్టు
ముందు ఇంటిపేరు తియ్యండి. వెనక రావు, శాస్త్రి, ఆచార్యులు లాంటి తోక తియ్యండి. మధ్యలో మిగిలిందే నామకరణం నాడు బియ్యంలో రాసిన పేరు. ఇంకొక్క షరతు. ఉత్త "వెంకట" ఒక్కటే కలిస్తే ఒప్పుకోకూడదు. గురజాడ వెంకట అప్పారావు 1862 సెప్టెంబరు 21. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1. సరిగ్గా పది రోజుల తేడా. ఇద్దరూ సంఘాన్ని తట్టి లేపినవాళ్లే. చూడ్డానికి ఎంత బాగుందో. అయినా అప్పారావు వేరు, రత్నం వేరు. వెంకటని ఒప్పుకుంటే సగం ఆంధ్రదేశం మీ గోడ మీదకి ఎక్కుతుంది.

గంటస్తంభం సెంటర్
గురజాడ లేకుండా మన వైపు పేజీయా? నాకు మనసొప్పడం లేదు. పది రోజుల తేడా అన్నది చిన్న విషయమేం కాదు.

పెద్దచెరువు గట్టు
నాకూ ఒప్పడం లేదు నాయనా. కానీ పిల్లవాడు ఖాన్లనే ఒప్పుకోలేదు. వాడి ముందు మనం సడలించుకుంటే ఎలా?

ఉద్దానం కొబ్బరి
మీరు సరదాకి అడుగుతన్నారు గానీ మా ఊర్లో ఇదే పెద్ద తగువు. మా నాన్న పేరు సింహాచలం. మా ఈది సివర ఇంకో సింహాచలం. ఇద్దరి తండ్రుల పేర్లూ అప్పన్నే. ఇద్దరికీ బళ్లో ఏసినప్పుడు మేస్టారు రాసీసిన పుట్టినరోజు జులై 1. యేడు కూడా ఒకటే పడిపోనాది. ఇంటిపేర్లు ఏరు గానీ కాయితంలో ఒక్కచ్చరానికి కుదించీసేరు, ఆ అచ్చరమూ ఒకటే. మూడు నెల్లు మా నాన్న పింఛను ఆ సింహాచలం కాతాలో పడిపోనాది. ఆయన మంచోడు. డబ్బు పడిన సాయంత్రమే తువ్వాల్లో మూటగట్టి తెచ్చి మా అమ్మ సేతిలో ఎట్టీసీవోడు. ఆఫీసుకెల్తే "ఇద్దరూ ఒకరే అనుకున్నాం" అనీసేరు. ఇద్దర్నీ ఒకే బల్ల ముందర నిలబెట్టి వేలిముద్రలు ఏరని సూపించిన్నాకే సరయ్యింది. నాలుగోసారి ఎల్లినప్పుడు అది.

రాజాం రోడ్డు
ఆ రెండో సింహాచలంగారికి దండం పెట్టాలి.

ఉద్దానం కొబ్బరి
ఎట్టేం. సంక్రాంతికి మా ఇంటి పిండొంటలు ముందు ఆలింటికే ఎల్తాయి ఇప్పటికీ.

నరసన్నపేట టీచర్
ఆ జులై 1 సంగతి నాకు బాగా తెలుసు. మా బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీస్తే పేజీకి పేజీ జులై 1లే. జాతకం రాయించుకున్న ఇళ్ల పిల్లలకే అసలు తేదీ ఉంటుంది. మిగతావాళ్లకి బడి తెరిచే రోజుకి అయిదేళ్లు నిండినట్టు లెక్క కట్టి వేసేవారు. మా నాన్నగారిదీ అంతే. పుట్టింది వరి కోతలప్పుడట, కాగితం మీద జులై.

వంశధార వొడ్డు
మన వైపు పేర్లు కూడా దేవుణ్ణి బట్టే కదా. అరసవల్లి చుట్టూ సూర్యనారాయణలు, సూర్యారావులు. శ్రీకూర్మం వైపు కూర్మారావులు. ముఖలింగం దగ్గర ముఖలింగాలు. విజయనగరం దాటితే పైడిరాజులు, పైడితల్లులు. సింహాద్రి అప్పన్న పేరు మాత్రం అన్ని ఊళ్లలోనూ ఉంటుంది. పేరు గుడి ఇచ్చింది, యేడు బడి ఇచ్చింది. రెండూ ఒకటవ్వక ఏమవుతాయి?

ఆదిభట్ల నారాయణదాసుగారి అసలు పేరు కూడా సూర్యనారాయణే. 1864 ఆగస్టు 31, అజ్జాడ. 1864లో ఇంకో సూర్యనారాయణ కోసం వెతికాను, పేరున్నవాళ్లలో దొరకలేదు.

తారక్ 83
నేను 1983లో పుట్టాను. మా వీధిలో ఆ యేడు ముగ్గురు మగపిల్లలు పుడితే ముగ్గురికీ తారక రామారావు అని పెట్టేశారు. ఆ జనవరి 9నే ఆయన ముఖ్యమంత్రి అయ్యారు మరి. బళ్లో నన్ను "తారక్", రెండోవాణ్ణి "రామ్", మూడోవాణ్ణి "రావు" అనేవారు. పేరు ముగ్గురం పంచుకున్నాం. "రావు" ఇప్పటికీ నామీద కోపంగా ఉంటాడు, మంచి ముక్క నేను పట్టుకుపోయానని.

అసలు ప్రశ్నకొస్తే, నందమూరి తారక రామారావు 1923 మే 28. మన కారా మాస్టారు కాళీపట్నం రామారావు 1924 నవంబరు 9, మురపాక. యేడాదిన్నరలో తప్పిపోయింది.

నరసన్నపేట టీచర్
అయ్యో. కారా మాస్టారు పేజీలో ఉంటే ఎంత బాగుండేదో. పోయినేడు పిల్లల్ని శ్రీకాకుళం కథానిలయానికి తీసుకెళ్లాను. 1997లో ఆయన పెట్టిన ఇల్లు అది. అన్ని కథలు ఒక్కచోట చూసి పిల్లలు గట్టిగా మాట్లాడ్డం కూడా మానేశారు.

బొబ్బిలి వీణ
ఇలా కొద్దిలో తప్పిపోయినవి చాలా ఉన్నాయి. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1865, చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867. ఇద్దరూ నవ్వించినవాళ్లే, ఇద్దరూ నాటకాలు రాసినవాళ్లే. ఈమని శంకరశాస్త్రి 1922, ఆరుద్ర 1925. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. జమున 1936, జమునారాణి 1938. వీళ్ల కోసం వేరే పేజీ పెట్టండి టీచర్.

సాలూరు లారీ
అలా అయితే మా రాజేశ్వరరావుగారికి చోటు దొరుకుతుంది.

పెద్దచెరువు గట్టు
సాలూరువారూ, మీకోసం ఒక మాట. యేడు అంటే ఇంగ్లీషు యేడు ఒకటేనా? మన యేళ్లకి పేర్లున్నాయి కదా. 1922 ఉగాది నుంచి 1923 ఉగాది దాకా దుందుభి. దుందుభి అంటే భేరీ. ఆ ఒక్క యేడులో ఘంటసాల పుట్టారు, మీ సాలూరి రాజేశ్వరరావు పుట్టారు, వీణ ఈమని శంకరశాస్త్రి పుట్టారు. పేర్లు కలవకపోయినా వాద్యం పేరున్న యేడులో ముగ్గురు సంగీతం వాళ్లు. అల్లు రామలింగయ్యదీ ఆ యేడే. అరవై యేళ్లు వెనక్కి వెళ్తే 1862, అదీ దుందుభే. అప్పుడు గురజాడ.

ఈ లెక్కన ముగ్గురు ఖాన్లు కూడా ఒకే యేడు వాళ్లు కారు. ఆమిర్ ఖాన్ మార్చి 14న, ఉగాదికి ముందే పుట్టాడు. అతనిది క్రోధి. మిగతా ఇద్దరిదీ విశ్వావసు.

రాజాం రోడ్డు
దుందుభి సంగతి మా తాతయ్యకి చదివి వినిపించాను. మంచం మీద లేచి కూచున్నాడు. ఆయన తన వయసు ఎప్పుడూ ప్రభవ, విభవ అనే చెప్తాడు, మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఇవాళ వేళ్ల మీద లెక్క వేసి చూపించాడు. ఆధార్లో ఉన్నదానికంటే రెండేళ్లు పెద్దాయనట.

వంశధార వొడ్డు
దొరికింది. రాత్రి పన్నెండయింది, అయినా రాస్తున్నాను, రేపటిదాకా ఆగలేను.

ఆచార్య ఆత్రేయ. మనసు కవి. ఆత్రేయ అన్నది గోత్రం, దాన్నే కలం పేరు చేసుకున్నాడు. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7, నెల్లూరు జిల్లా మంగళంపాడు.

పీవీ. పాములపర్తి వెంకట నరసింహారావు. 1921 జూన్ 28.

పెద్దచెరువు మాస్టారు చెప్పిన పద్ధతిలోనే చేశాను. ఇంటిపేరు తీశాను, వెనక ఆచార్యులు తీశాను, రావు తీశాను. ఇద్దరికీ మిగిలింది వెంకట నరసింహ. అచ్చు గుద్దినట్టు అదే. యేడు అదే. మధ్య 52 రోజులు.

నరసన్నపేట టీచర్
చదివి ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లు ఆయన పాటలు వింటున్నాను, ఈయన గురించి పాఠం చెప్తున్నాను. ఒక్కసారి కూడా తట్టలేదు.

గంటస్తంభం సెంటర్
ఎలా తడుతుంది? ఒకాయన పేరు మొత్తం దాచేసి గోత్రం బయట పెట్టాడు. ఒకాయన రెండక్షరాలు చేసుకున్నాడు. ఇంట్లో పిలిచిన పేరుతో ఇద్దర్నీ ఎవరూ ఎరగరు.

పెద్దచెరువు గట్టు
మన వైపు వెతుకులాట అంతా తప్పు చోట జరుగుతోందన్నమాట. పుస్తకం అట్ట మీద, వాల్‌పోస్టరు మీద ఉన్న పేర్లు వెతికితే దొరకవు. శ్రీశ్రీ, చాసో, రావిశాస్త్రి, కారా, ఆరుద్ర. ఉత్తరాంధ్రలో పేరున్న రచయిత ఒక్కడైనా పూర్తి పేరుతో మిగిలాడా? శ్రీశ్రీ శ్రీరంగం శ్రీనివాసరావు, 1910. చాసో చాగంటి సోమయాజులు, 1915. పొట్టి పేర్లన్నీ విప్పి చూడండి, ఇంకా దొరుకుతాయి.

నిన్న నేను వెంకటని తీసిపారేశాను. ఇక్కడ వెంకట ఒక్కటే కాదు, నరసింహ కూడా కలిసింది. ఇది పూర్తిగా ఒప్పు. 1921 దుర్మతి నామ సంవత్సరం. పేరు దుర్మతి, పుట్టింది వీళ్లు. సత్యజిత్ రాయ్‌ది కూడా ఆ మే నెలే.

సాలూరు లారీ
రెండు నెలల తేడాలో పుట్టినోళ్లలో ఒకాయన ప్రేమ గురించి అందరికీ అర్థమయ్యేట్టు రాశాడు, ఒకాయన ఎవరికీ అర్థం కాకుండా మౌనంగా ఉన్నాడు.

తారక్ 83
పీవీ మౌనంగా ఉన్నా పని చేశాడు. 1991 నుంచి అయిదేళ్లు అల్పసంఖ్య ప్రభుత్వంతో మొదలెట్టి నెట్టుకొచ్చాడు. తక్కువ చెయ్యకండి.

సాలూరు లారీ
తక్కువ చెయ్యలేదు తమ్ముడూ. ఆయనంటే నాకు గౌరవమే.

ఇచ్ఛాపురం బోర్డర్
పొట్టి పేర్లు విప్పమన్నారు కదా, నేను వీవీ గిరి పేరు విప్పాను. వరాహగిరి వెంకట గిరి. 1894 ఆగస్టు 10, బరంపురం. మా ఇచ్ఛాపురంలో బస్సెక్కితే గంట లోపు బరంపురం. ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ ఆయన పుట్టినప్పుడు అదంతా మద్రాసు రాజధానిలోని గంజాం. రాష్ట్రపతి అన్నది అందరికీ తెలుసు. 1952లో మన పాతపట్నం నుంచే లోక్‌సభకి గెలిచి కార్మిక మంత్రి అయ్యారన్నది మన పిల్లలకి ఎంతమందికి తెలుసు?

1894లో ఇంకెవరు పుట్టారని చూస్తే గుడిపాటి వెంకటచలం. మన చలం. మే నెల, మద్రాసు. పేరు సరిగ్గా రాస్తే వెంకటాచలం. అచలం అంటే కొండ. గిరి అంటే కొండ. వెంకటాచలం, వెంకటగిరి. రెండూ ఒకటే పేరు!

గంటస్తంభం సెంటర్
ఇది నేను ఒప్పుకోను. అర్థం ఒకటైతే పేరు ఒకటవుతుందా? అలా అయితే భాస్కరరావూ సూర్యారావూ ఒకరే, కమలా పద్మా ఒకరే. ఆ పిల్లవాడు ఖాన్లని తిప్పికొట్టాడు, దీన్ని తిప్పికొట్టడా?

ఇచ్ఛాపురం బోర్డర్
భాస్కరుడూ సూర్యుడూ వేరే పదాలు, నిజమే. ఇక్కడ ముందున్న వెంకట రెండింట్లోనూ ఉంది. తిరుమల కొండనే ఇద్దరూ పేరుగా పెట్టుకున్నారు. అమరకోశంలో కొండకి పేర్లు చెప్పిన చోట గిరి, అచలం ఒకే వరసలో వస్తాయి.

గంటస్తంభం సెంటర్
అమరకోశంలో ఉంటే హాజరుపట్టీలో ఉన్నట్టు కాదండీ. వెంకటగిరీ అని పిలిస్తే వెంకటాచలం పలుకుతాడా?

ఉద్దానం కొబ్బరి
పలుకుతాడు. మా ఇంట్లోనే సూడండి. మా నాన్న సింహాచలం, మా చిన్నాన్న సింహాద్రి. మా తాతకి పెద్దోడు పుడితే అప్పన్నకి మొక్కుండీ పెట్టీసేడు. రెండోవోడు పుడితే మళ్లీ ఆ దేవుడి పేరే కావాల, ఒకే పేరు ఇద్దరికెలా ఎడతాం అని అచలం తీసి అద్రి ఏసీసేడు. మా నాయనమ్మ ఎప్పుడూ తికమక పడిపోయి ఒకర్ని పిలిస్తే ఇద్దరూ వొచ్చీవోరు. కొండ మీదకి ఎల్లినోళ్లు సింహాచలం ఎల్లొచ్చేం అంతారు, సింహగిరి ఎల్లొచ్చేం అంతారు. రెండు కొండలున్నాయేటి?

బొబ్బిలి వీణ
దీనికి జవాబు లేదు గంటస్తంభంగారూ.

గంటస్తంభం సెంటర్
సింహాద్రి, సింహాచలం అన్నదమ్ములన్న మాట నన్ను ఆపేసింది. ఒప్పుకుంటున్నాను, కానీ పేజీలో "అర్థం ఒకటే" అని పక్కన రాయండి. వెంకట నరసింహలదీ దీనిదీ ఒకే గీత కింద పెట్టొద్దు.

నరసన్నపేట టీచర్
అలాగే చేస్తాను. రెండు రంగులు వాడతాం.

పెద్దచెరువు గట్టు
చలం 1950లో అరుణాచలం వెళ్లి, 1979లో అక్కడే పోయాడు. పేరులో కొండ, చివరికి చేరిందీ కొండ దగ్గరికే. గిరి కూడా ఆ మరుసటి యేడు, 1980లో పోయారు. ఇద్దరూ ఎనభై దాటి బతికారు. 1894 జయ నామ సంవత్సరం.

బొబ్బిలి వీణ
జయ అన్నారు గనక చెప్తున్నాను. 1937 ఎన్నికల్లో గిరి మా బొబ్బిలిలో నిలబడి బొబ్బిలి రాజానే ఓడించారు. మా ముత్తాతగారు ఆ ఎన్నిక సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారట, రాజుగారు ఓడిపోయారని గట్టిగా అనడానికి మనసొచ్చేది కాదట.

ఆముదాలవలస జంక్షన్
1957లో పార్వతీపురంలో మాత్రం జయ పనిచెయ్యలేదు. అది రెండు సీట్ల నియోజకవర్గం, ఒకటి గిరిజనులకి కేటాయించింది. రెండో సీటు, అంటే జనరల్ సీటు కూడా గిరిజనుడైన డిప్పల సూరి దొరకే వచ్చింది. గిరి కోర్టుకెళ్లారు, సుప్రీంకోర్టు దాకా నడిచింది, సూరి దొర గెలుపే నిలబడింది. కేటాయించిన సీటు ఉంది గదా అని జనరల్ సీటు అడగకూడదనే రూలు లేదని తేల్చారు. లా చదివేవాళ్లకి ఇది పాఠం. మన్యం నుంచి వెళ్లిన కేసు.

ఇచ్ఛాపురం బోర్డర్
ఇది నాకు తెలీదు. మంచి మాట చెప్పారు.

ఇంకోటి చూడండి. గిరి పుట్టింది బరంపురం. 1996లో పీవీ నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదిలేసి బరంపురమే ఉంచుకున్నారు. మీ రెండు జతల్లోంచి చెరొకరు మా పక్క ఊరికే వచ్చారు.

బొబ్బిలి వీణ
అందరూ మగవాళ్లే, గమనించారా? ఇన్ని పోస్టుల్లో నేను చెప్పిన జమునలు తప్ప ఆడవాళ్ల పేరు రాలేదు. క్లాసులో ఆడపిల్లలు లేరా?

నరసన్నపేట టీచర్
సగం పైన వాళ్లే. మీరు అడిగేదాకా నాకు తోచకపోవడం తప్పే. చెప్పండి.

బొబ్బిలి వీణ
గీతా దత్, గీతా బాలీ. ఇద్దరూ 1930. ఒక గీత పాడింది, ఇంకో గీత తెర మీద పెదవులు కలిపింది. ఇంతకంటే ముచ్చటైన జత ఏముంటుంది? జయలలిత 1948 ఫిబ్రవరి 24, జయా బచ్చన్ 1948 ఏప్రిల్ 9. ఇది సగం జతే, లలిత మిగిలిపోతుంది.

గంటస్తంభం సెంటర్
గీతా బాలీ అసలు పేరు హరికీర్తన్ కౌర్. మనం చలాన్నీ ఆత్రేయనీ అసలు పేరుతో లెక్కపెట్టాం, ఈవిడకి తెర పేరు ఎలా?

బొబ్బిలి వీణ
ఆడవాళ్లకి పేరు ఎక్కడ నిలకడగా ఉంచారు? పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది, కొన్ని ఇళ్లలో పేరే మార్చేస్తారు, సినిమాకెళ్తే అక్కడ ఇంకోటి పెడతారు. ఏ పేరుతో జనం గుండెల్లో పెట్టుకున్నారో అదే పేరు. పుట్టిన యేడు మాత్రం ఉంచారా? మా నాయనమ్మకి తను పుట్టిన యేడు తెలీదు. "పెద్ద గాలివానకి కడుపులో ఉన్నానట" అనేది. ఏ గాలివానో చెప్పడానికి ఆవిణ్ణి కన్నవాళ్లు లేరు. రేషన్ కార్డులో ఎవరో ఒక యేడు వేశారు. మా అత్తకీ పెద్దమ్మకీ కూడా అదే యేడు వేసేశారు. ముగ్గురూ ఒకే యేడాది పుట్టినట్టు. అందులో ఒకావిడ ఇంకొకావిడకి కూతురు.

ఉద్దానం కొబ్బరి
మా అమ్మదీ అంతే అప్పా. కార్డులో నాకంటే పద్నాలుగేళ్లే పెద్ద.

గంటస్తంభం సెంటర్
గీతా బాలీ విషయంలో నేను పట్టుపట్టను. పెట్టండి.

ఆముదాలవలస జంక్షన్
మా కరణం మల్లీశ్వరికి జత దొరికితే బాగుణ్ణు. 1975 జూన్ 1, ఊసవానిపేట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం, మన దేశం నుంచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడది. 1975 మల్లీశ్వరులు మా ఊళ్లోనే బోలెడుమంది, పతకం ఒక్కర్తికే.

బొబ్బిలి వీణ
మా పి. సుశీలగారికీ దొరకలేదు. 1935 నవంబరు 13, విజయనగరం. సుశీలకి జత వెతకడం కూడా ఒక రకంగా అపచారమే అనిపించి మానేశాను.

నరసన్నపేట టీచర్
పేజీ అయిపోయింది. ఇవాళే అంటించాం. మధ్యలో ఎర్ర రంగుతో వెంకట నరసింహలు ఇద్దరూ. పక్కన నీలం రంగుతో వెంకటాచలం, వెంకటగిరి, కింద ఒక కొండ బొమ్మ, "అర్థం ఒకటే" అని బ్రాకెట్లో. గీతలిద్దరినీ ఆడపిల్లలు వేశారు, ఒకావిడ చేతిలో మైకు, ఒకావిడ జడలో పూలు. అడుగున "కొద్దిలో తప్పిపోయినవారు" అని వరసగా రామారావులు, లక్ష్మీనరసింహులు, శంకరశాస్త్రులు, జమునలు. గురజాడనీ రఘుపతినీ పది రోజుల తేడా అని రాసి అక్కడే పెట్టాం. గంటస్తంభంగారూ, మీకోసం. సాలూరువారూ, దుందుభి యేడుకి ఒక భేరీ బొమ్మ వేసి రాజేశ్వరరావుగారి పేరు దాని మీదే రాశాం.

సాలూరు లారీ
ఫోటో పెట్టండి. మా లోడింగ్ దగ్గర అందరికీ చూపిస్తాను.

నరసన్నపేట టీచర్
రేపు పెడతాను. ఆ అడిగిన సాయి మాత్రం ఇంకా వదల్లేదు. వెంకట నరసింహల దగ్గర చాలాసేపు నిలబడి "టీచర్, వాళ్లిద్దరూ కలుసుకున్నారా?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. తరవాత ఉద్దానంవారి ఇద్దరు సింహాచలాల కథ చెప్పాను. నలుగురు సాయిలూ నోరు తెరుచుకుని విన్నారు. "వాళ్లని కూడా గోడ మీద పెట్టొచ్చా?" అంటున్నారు. ఉద్దానంవారూ, ఊరి పేరూ ఇంటిపేరూ లేకుండా, మీకు అభ్యంతరం లేకపోతేనే.

ఉద్దానం కొబ్బరి
మా నాన్ననడిగేను. ఆయన ఆ సింహాచలాన్నడగమన్నాడు. ఆయన్నడిగితే "మీ నాన్న సరేనంటే నాదీ సరే" అన్నాడు. ఎట్టీయండి టీచరమ్మా. తువ్వాలు మూట కూడా ఎయ్యమనండి పిల్లల్ని.